నూకరత్నం ఫోల్డరు

ఇల్లు మారేటప్పుడు ఆడవాళ్ళు ముందుగా పాలగిన్నె, పసుపు, ఉప్పు పట్టుకెళ్తారు. ఒక మనిషి జ్ఞాపకాలు మారేటప్పుడు ఏది ముందు వెళ్ళాలో, దేని వెనక ఏది వెళ్ళాలో చూసుకోవడం నూకరత్నం ఉద్యోగం.

కాకినాడలో పోర్టు వైపు వెళ్ళే రోడ్డు మీద, ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ ఉన్న స్థలంలో కట్టిన రెండంతస్తుల ప్రయోగశాల అది. మతిమరుపు జబ్బు మెదడుని కొద్దికొద్దిగా తినేస్తున్నవాళ్ళని అక్కడికి తీసుకొస్తారు. చెవి వెనక, ఎముక కింద, కందిగింజంత డ్రైవు అమరుస్తారు. జబ్బు ఇంకా ముట్టుకోని జ్ఞాపకాల్ని ఒక్కొక్కటిగా తీసి అందులోకి పంపిస్తారు. ఆ పని జరిగేటప్పుడు పక్కన కూర్చుని, రోగి చేత కబుర్లు చెప్పించాలి. "మీ పెద్దమ్మాయి పుట్టినప్పుడు వాన పడిందన్నారు, ఎవరెవరున్నారండీ ఆ రోజు?" అని నూకరత్నం అడుగుతుంది. ముసలావిడ తలుచుకుంటుంది. తలుచుకున్న ఆ క్షణంలోనే యంత్రం దాన్ని పట్టుకుంటుంది.

"ఓ కాపీ ఇక్కడా ఓ కాపీ అక్కడా ఉంచొచ్చు కదండీ, జాగ్రత్తకి," అని కొడుకులూ అల్లుళ్ళూ అడుగుతూ ఉంటారు. నాలుగేళ్ళుగా నూకరత్నం ఒకటే జవాబు చెబుతోంది.

"మీ ఇంట్లో కంప్యూటర్లో ఒక డ్రైవులోంచి ఇంకో డ్రైవులోకి ఫోల్డరు మార్చేరనుకోండి. ముందు అక్కడ రాసుకుంటుంది, తర్వాత ఇక్కడ చెరిపేస్తుంది. మనిషి బుర్రలో ఆ రెండూ ఒక్కసారే జరుగుతాయండి. తలుచుకుంటేనే అది కదులుతుంది. కదిలితేనే దొరుకుతుంది. దొరికేక పాతచోట ఉండదు."

ఫోల్డర్లు మనుషుల పేర్ల మీదే పెడతారు. మనిషి బుర్ర ఊళ్ళ వారీగానో సంవత్సరాల వారీగానో కాక, మనుషుల చుట్టూ సర్దుకుని ఉంటుందని ఆ ప్రయోగశాల కనిపెట్టింది. కనిపెట్టాక మొదట్లో ఒక పొరపాటు చేసింది. సామర్లకోట నుంచి వచ్చిన ఒక రైల్వే పెద్దాయన తన ఒక్కగానొక్క కొడుకుని ఒకప్పుడు 'బాబు' అనీ, ఇంకొకప్పుడు 'నాన్నా' అనీ, కోపం వస్తే 'రాఘవులు' అనీ పిలిచేవాడు. మూడు ఫోల్డర్లు తయారయ్యాయి. ఇంటికి వెళ్ళాక ఆయనకి ముగ్గురు కొడుకులు. ఒకడు పక్కన కూర్చుని అన్నం తినిపిస్తూ ఉంటే, మిగతా ఇద్దరి కోసం వీధి గుమ్మం వైపు చూస్తూ ఏడ్చేవాడట.

దాంతో పెద్ద డాక్టరు జలజాక్షి గారు రెండు నియమాలు పెట్టారు. ఫోల్డరుకి ముద్దుపేర్లు ఉండకూడదు, కాగితాల్లో ఉన్న పేరే ఉండాలి. ఒకే పేరు రెండుసార్లు వస్తే కలిపెయ్యాలి. సొంత మనుషుల పక్కన కూర్చుంటే ఎవరికైనా వేలు వణుకుతుంది కనక, అక్కడ పనిచేసేవాళ్ళు తమ ఇంట్లోవాళ్ళ దగ్గర కూర్చోకూడదని మూడో నియమం తర్వాత చేరింది.

అందుకే నూకరత్నం తల్లి వరహాలమ్మ వంతు వచ్చినప్పుడు పక్కన కిరీటి కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. నూకరత్నమే అతనికి పని నేర్పింది.

వరహాలమ్మకి డెబ్బై ఒకటి. కిందటి వేసవి నుంచీ చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది. ఒకసారి వంతెన దగ్గర, ఒకసారి చేపల రేవు దగ్గర దొరికింది. నూకరత్నం భర్త పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. జగన్నాథపురంలో ఆ ఇంట్లో ఉన్నది తల్లీ కూతుళ్ళిద్దరే. జబ్బు అమ్మలోంచి తనని చెరిపేసేలోగా డ్రైవు పెట్టించాలని జలజాక్షి గారిని ఆమె నెల రోజులు బతిమాలింది.

మూడోరోజు మధ్యాహ్నం నూకరత్నం భోజనాల గదిలో క్యారేజీ విప్పుతూ ఉంటే కిరీటి తల లోపలికి పెట్టాడు.

"రత్నం గారూ, మీ పేరు మీద ఇంకో ఫోల్డరు వస్తోందండి. కలపమంటావా అని యంత్రం అడుగుతోంది. కలిపేద్దునా?"

"ఓ చోట అమ్ములు అని ఉంటుంది, ఇంకో చోట అసలు పేరు చెప్పుంటుంది. అమ్మ నన్ను పేరెట్టి పిలిచిందెప్పుడు కనక. కలిపెయ్యి."

"ఆయ్," అని అతను వెళ్ళిపోయాడు. ఆవిడ పప్పులో నెయ్యి వేసుకుంది. ఆ మాట ఈ నాలుగేళ్ళలో ఎన్ని వందలసార్లు అనుంటుందో.

ఇంటికి వచ్చిన మొదటి మూడు రోజులూ వరహాలమ్మని చూసి వీధిలో వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. పాలవాడి పేరు, వాడి తండ్రి పేరు చెప్పింది. చింతపండు నానబెట్టి, ఉప్పు సరిగ్గా వేసి పులుసు పెట్టింది. ఎదురింటావిడ వస్తే, "మీ చిన్నాడు ఇంకా గోళ్ళు కొరుకుతున్నాడా?" అని నవ్వింది.

నాలుగోరోజు సాయంత్రం నూకరత్నం గేటు తీసుకుని వచ్చేసరికి వరండాలో కుర్చీలో ఉన్న తల్లి చటుక్కున లేచి నిలబడింది. పమిట భుజం మీదుగా తిప్పి కప్పుకుని గోడవారకి జరిగింది. మెట్టు మీద బకెట్టుతో నీళ్ళు, పైన చెంబు పెట్టి ఉన్నాయి.

"కాళ్ళకి నీళ్ళు పెట్టేనండి," అంది తలొంచుకుని.

"ఇదేంటమ్మా కొత్తగా. లోపల కడుక్కుంటాను కదా."

"తర్వాత మళ్ళీ పెట్టలేదంటారు."

నలభై ఎనిమిదేళ్ళలో వరహాలమ్మ కూతుర్ని ఎప్పుడూ మీరు అనలేదు. ఆటకి అంటోందేమో అనుకుని నూకరత్నం నవ్వబోయింది. ఆ కళ్ళలో ఆట లేదు. బకెట్టు దగ్గర నిలబడి కాళ్ళు కడుక్కుంది. కడుక్కున్నంతసేపూ తల్లి ఆమె పాదాలకేసే చూస్తూ ఉంది, ఎక్కడైనా మట్టి మిగిలితే తప్పు తనదే అన్నట్టు.

అన్నం తినేటప్పుడూ అంతే. ఎన్నిసార్లు కూర్చోమన్నా కూర్చోకుండా, "మీరు తినకుండానా?" అంటూ గోడకి ఆనుకుని నిలబడింది. కంచం కడుగుతూ ఉంటే మాత్రం వెనక నుంచి వచ్చి తల నిమిరింది.

"అమ్ములూ, జుట్టు ఇలాగ ఊడిపోతోందేంటే. నూనె రాసుకోవేం. ఇలాగ రా, జడేస్తాను."

ఆ గొంతు తల్లిదే. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. చిన్నపిల్లలా చాప మీద తల్లి ముందు కూర్చుంది. దువ్వెన నెమ్మదిగా దిగుతోంది. చిక్కు తగిలిన చోట వరహాలమ్మ వేళ్ళతో విడదీస్తోంది.

"నువ్వు పుట్టినప్పుడు నన్ను ఎంత తిట్టేవో గుర్తుందా?"

"ఎవరు తిట్టేరు?"

"నువ్వే. ఆడపిల్లని కన్నానని. మంచం కోడు దగ్గర నిలబడి తిట్టేవు. ఒళ్ళో పడుకుని పాలు తాగుతున్నావు, ఓ పక్కన తిడుతున్నావు." దువ్వెన ఆగలేదు. "పచ్చి బాలింతనని కూడా చూడలేదు. పాలు మాత్రం బాగా తాగేవులే."

నూకరత్నం వీపు మీద తల్లి వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.

ఆ తర్వాత రోజుకొకటి బయటపడుతూ వచ్చింది. నాలుగేళ్ళ పిల్లకి టైఫాయిడు వస్తే భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తిన సంగతి చెబుతూ, "దారంతా కర్రతో నా కాళ్ళ మీద కొడుతూనే ఉన్నావు," అంది. మోచేతి మీద పాత మచ్చ చూపించి, "పలక కొనలేదని అట్లకాడ కాల్చి పెట్టేవు. అయిదేళ్ళకే ఎంత కోపమే నీకు," అని జాలిగా నవ్వింది. ఒక్కొక్క పూట నూకరత్నం గదిలోకి వస్తే చాలు, చేతిలో ఉన్నది కింద పెట్టేసి, రెండు చేతులూ కనిపించేలా ముందుకి చాపేది. దొంగిలించలేదని చూపించుకునేవాళ్ళ చేతుల్లా ఉండేవి అవి.

తొమ్మిదో రోజు పొద్దున్న గుమ్మడికాయ ముందేసుకుని కూర్చుంది.

"రేపు నీ తద్దినం. దీంతో కూర చెయ్యమంటావా, దప్పళం పెట్టమంటావా?"

"నేను బతికే ఉన్నానమ్మా."

"ఉన్నావు కదా," అంది వరహాలమ్మ ఏ తగువూ లేనట్టు. "మాఘమాసంలో పోయేవు. నేనే స్నానం పోసేను. నీ చెవులకున్న రాళ్ళ దుద్దులు తియ్యడానికి రాలేదు, సబ్బు రాసి తీసేను. కూరే చేసేస్తాలే, నీకదే ఇష్టం."

మర్నాడు చెప్పినట్టే వండింది. విస్తరిలో అన్నీ వడ్డించి, పిట్టగోడ మీద పెట్టింది. పక్కింటి రేకుల మీద కాకులు రెండు ఉన్నాయి గానీ దిగలేదు. వరహాలమ్మ చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడి ఉన్న కూతుర్ని చూసింది.

"నువ్వు ముట్టుకోందే అవి ఎలా ముట్టుకుంటాయి. రా, తిను."

ఆ చూపుకి నూకరత్నం ఎదురు చెప్పలేకపోయింది. నడిచి వెళ్ళి విస్తరిలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. కూర చాలా బాగుంది. తల్లి రెండు చేతులూ జోడించి నిలబడింది.

ఆ పూటే నూకరత్నం ప్రయోగశాలకి వెళ్ళి కిరీటి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా అమ్మ పేర్ల పట్టిక తియ్యి. వాళ్ళ అత్తగారిది ఏ పేరు మీద పెట్టేవు?"

కిరీటి వెతుకుతూనే చెప్పాడు. "అడిగితే చెప్పనన్నారండి. అత్తగారి పేరు పలకకూడదు బాబూ, నోట్లోంచి రాదు అన్నారు. పోనీ రాసివ్వండమ్మా అంటే, రాసినా పలికినట్టే కదా అని నవ్వేరు. సరే అని మీ నాన్నగారి పింఛను కాగితాలు తీసి, తల్లి పేరు అన్నచోట చూసి..."

అతను తెర మీద పేరు చూశాడు. నూకరత్నం మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు చూశాడు.

నూకరత్నానికి తెలియని సంగతేమీ కాదు అది. నాయనమ్మ పేరే పిల్లకి పెడితేనైనా ముసలావిడ శాంతిస్తుందని నాన్న పట్టుబట్టి పెట్టాడట. కోడలు ఆ పేరు పలకకూడదు కనక, పుట్టిన పదకొండో రోజు నుంచే పిల్ల అమ్ములు అయిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నూకరత్నం అన్న మాట ఎవరి నోటా వినపడలేదు. నాయనమ్మ పోయేనాటికి తనకి అయిదేళ్ళు. ఆవిడ పేరు కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు; ఆ కాగితాలే చాలాయి.

జలజాక్షి గారు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అరవై దాటిన మనిషి, పెళుసుగా మాట్లాడతారు.

"విడదియ్యొచ్చు. డ్రైవులోనే రెండు ఫోల్డర్లు చేస్తాం. ముక్క ముక్కా పైకి తీస్తాం. తీసినప్పుడు మీ అమ్మగారు మగతలో అది పైకి చెప్తారు. ఎవరిదో పక్కనున్నవాళ్ళు చెప్పాలి. నిమిషం టైము ఉంటుంది."

"నిమిషం దాటితే?"

"కరిగిపోతుంది. జరిగిన సంగతి పోతుంది గానీ దాని తాలూకు భయం పోదు. ఎవరి వల్ల భయమో తెలియకపోతే, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది. రోజూ ఎదురుగా ఉండేది మీరు. ఇలా విడదీసి పంపింది మళ్ళీ మార్చడానికి లేదు, రత్నం. ఇంకోసారి కదిపితే నిలవదు. ఎటు చేరితే అటే."

"ఇంట్లోవాళ్ళు కూర్చోకూడదు కదా మేడమ్."

"వాళ్ళు తప్ప ఇది ఎవరికి తెలుస్తుంది? ఇలాగే వదిలేస్తే మీ అమ్మగారు మిమ్మల్ని చూసి భయపడుతూనే ఉంటారు, ప్రేమిస్తూనే ఉంటారు. రెండూ ఒకే మొహం మీద. ఎన్నాళ్ళు తట్టుకుంటారో నేను చెప్పలేను."

సోమవారం పొద్దున్న మొదలుపెట్టారు. వాలుకుర్చీలో వరహాలమ్మ, కళ్ళు సగం మూసుకుని. పక్కన స్టూలు మీద నూకరత్నం. ఎదురుగా తెర ముందు కిరీటి. మొత్తం నాలుగు వందల పన్నెండు ముక్కలు.

"పొయ్యిలో పచ్చికట్టెలు," అంది వరహాలమ్మ. నిద్రలో మాట్లాడేవాళ్ళ గొంతు. "పొగ. కళ్ళు మండుతున్నాయి. గాడిదా, ఊదు, అంటోంది."

"నాయనమ్మ," అంది నూకరత్నం. కిరీటి మీట నొక్కాడు.

"ఎర్ర రిబ్బన్లు. ఒకటి పారేసుకొచ్చింది. అబద్ధం చెప్తోంది, మేక తినేసిందంట."

"నేను."

కిరీటి నవ్వు ఆపుకోలేకపోయాడు. "మేకేంటండీ?"

"నిజంగానే తినేసింది. ఇప్పటిదాకా నమ్మలేదన్నమాట."

మొదటిరోజు అలాగే సాగింది. తన బాల్యాన్ని తల్లి కళ్ళలోంచి చూడటం నూకరత్నానికి కొత్త. తను మరిచిపోయిన జ్వరాలు, తను ఎరగని ముద్దులు. మామిడితాండ్ర దొంగిలించి నిద్రపోతున్న తన మూతిని తల్లి కొంగుతో తుడిచి, అత్తగారికి కనపడకుండా చేసిన సంగతి విన్నప్పుడు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ ముక్కలో ఇద్దరూ ఉన్నారు. "నేను," అని చెప్పింది. అట్లకాడ, కర్ర, పురిటి మంచం అన్నీ నాయనమ్మకి వెళ్ళిపోయాయి. సాయంత్రానికి వాలుకుర్చీలోంచి లేచిన వరహాలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, "ఆకలేస్తోందే," అంది. చేతులు చాపి చూపించలేదు.

రెండోరోజు మధ్యాహ్నం, మూడు వందలు దాటాక, వరహాలమ్మ కుర్చీలో కాళ్ళు ముడుచుకుంది.

"తలుపేసేసింది. బయట గడియ పెట్టింది."

"నాయనమ్మ," అనబోయింది నూకరత్నం. తల్లి ఇంకా చెబుతోంది.

"దాహం. సీసా ఉంది. మూత తిరగట్లేదు. పిలిచేను. కాలింగ్ బెల్లు మోగుతోంది. ఎవరో గ్యాసు, గ్యాసు అంటున్నాడు. లోపలున్నాను బాబూ అన్నాను. వెళ్ళిపోయేడు. చీర తడిసిపోయింది. వచ్చింది. చూసింది. చేతి మీద కొట్టింది. ముసలిదానివి, సిగ్గులేదూ, అంది."

అది కిందటి కార్తీకమాసం. చేపల రేవు దగ్గర దొరికిన తర్వాత వారం. అమ్మని ఎవరి మీద వదిలి పనిలోకి వెళ్ళాలో తెలియక, పడకగదికి బయట గడియ పెట్టి, పక్కన నీళ్ళసీసా, బిస్కట్లు పెట్టి వెళ్ళింది. ఆ రోజు ప్రయోగశాలలో ఒక మనిషికి ఎక్కువసేపు పట్టింది. వేరే వాళ్ళ తల్లి పక్కన కూర్చుని, చాలా ఓపికగా, మీ పెద్దమ్మాయి పుట్టినప్పుడు వాన పడిందన్నారు అని అడుగుతూ ఉంది. ఇంటికి వచ్చేసరికి దీపాలవేళ అయింది. ఒక్కటే దెబ్బ. ఆ తర్వాత తల్లికి స్నానం చేయించి, పక్కలో పడుకోబెట్టుకుని ఏడ్చింది. పొద్దున్నకి అమ్మ మరిచిపోయింది. అమ్మ మరిచిపోయిందని నమ్మి తను కూడా మరిచిపోవడానికి ప్రయత్నించింది.

తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. నలభై. ముప్పై ఎనిమిది.

"ఎవరిదండీ?" అన్నాడు కిరీటి.

నాది అనాలి. అంటే ఇది, ఎర్ర రిబ్బన్ల పక్కన, మామిడితాండ్ర పక్కన, ఎప్పటికీ ఉంటుంది. జడ వేస్తూ వేస్తూ ఏదో ఒక రోజు అమ్మ చెయ్యి ఆగిపోతుంది. ఊరుకుంటే కరిగిపోతుంది, భయం మిగులుతుంది. నాయనమ్మ పోయి నలభై మూడేళ్ళు. ఆవిడ వచ్చి కాదనదు.

ఇరవై రెండు. ఇరవై.

"రత్నం గారూ."

"నాయనమ్మది."

కిరీటి చెయ్యి మీట మీదే ఉంది, నొక్కలేదు. "అప్పట్లో కాలింగ్ బెల్లు ఉండేదాండీ మీ ఇంట్లో?"

"ఎదురింటి వాళ్ళకి ఉండేది," అంది నూకరత్నం.

అతను ఆమె మొహంలోకి చూడకుండా మీట నొక్కాడు. కుర్చీలో వరహాలమ్మ కాళ్ళు వదులయ్యాయి. చిన్నగా ఊపిరి వదిలింది.

అలాంటివి ఆ రోజూ మర్నాడూ కలిపి మరో పదకొండు వచ్చాయి. ఒకటి అనుకుంది గానీ పదకొండు ఉంటాయని నూకరత్నానికే తెలియదు. కంచం ముందు నుంచి లాగేసినది ఒకటి. నువ్వు పోతే నాకు విడుదల అని గొణిగినది ఒకటి, అమ్మకి వినపడలేదనుకుంది. మొదటి దానికి ఇరవై సెకన్లు మిగిలాయి. చివర్లో వాటికి యాభై దాకా మిగులుతూ వచ్చాయి.

నెల తిరిగేసరికి వరహాలమ్మ నిండుకుండలా ఉంది. జలజాక్షి గారు ఆమె గురించి ఒక పత్రం రాసి వేరే ఊళ్ళో చదివి వచ్చారు. కిరీటి ఇంకో విభాగానికి మార్చమని అడిగి వెళ్ళిపోయాడు; దారిలో కనిపిస్తే నమస్కారం పెడతాడు. నూకరత్నం గేటు తీసుకుని వస్తే తల్లి ఎదురొచ్చి సంచీ అందుకుంటుంది. అమ్ములూ అన్న పిలుపు తప్ప ఇంకో పిలుపు లేదు. చేతులు చాపదు. గోడవారకి జరగదు. ఆ కళ్ళలో కూతురి మీద చిన్న మరక కూడా లేదు. ఆ చూపు ఎదురుగా నిలిచినప్పుడల్లా నూకరత్నం ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆషాఢంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. ఇద్దరూ హాల్లో కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. వరహాలమ్మ కబుర్లు చెబుతోంది. ఈమధ్య ఆవిడకి అత్తగారి కబుర్లు ఎక్కువయ్యాయి. ఎదురింటావిడకి చెప్పింది, పాలవాడికి చెప్పింది.

"పొగలో కూర్చోబెట్టడం, కాల్చడం, అదంతా ఒక ఎత్తు అనుకో. ఆ రోజులే అలాంటివి. తలుపేసి వెళ్ళిపోయింది చూడు, అది మర్చిపోలేనే అమ్ములూ. సీసా మూత కూడా తియ్యలేని మనిషిని."

నూకరత్నం కాడలు ఒక పక్కకి, ఆకులు ఒక పక్కకి వేస్తోంది.

"నువ్వు ఎక్కడికెళ్ళేవో ఆ రోజు. నిన్ను కూడా పిలిచేను. నువ్వుంటే అలా చెయ్యనిచ్చేదానివా."

"పనిలోకెళ్ళుంటానమ్మా."

"అంతే అయ్యుంటుంది." వరహాలమ్మ ఒక ఆకు తిప్పి చూసి పురుగు ఉందని పారేసింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. "నీ నీలం చీర, జరీ పువ్వులది. ఆ రోజు అది కట్టుకుని వచ్చింది ఆవిడ. చూసి నువ్వే అనుకుని సంతోషించేను. నీ చీర ఆవిడకెందుకిచ్చేవే?"

బయట వాన జోరందుకుంది. తల్లి నిజంగానే జవాబు కోసం చూస్తోంది. కోపం లేదు. కూతురు మెతక మనిషి, అడిగితే కాదనలేదు అన్న జాలి మాత్రమే ఉంది.

"అడిగిందమ్మా," అంది నూకరత్నం. "ఇచ్చేను."

"ఇంకెప్పుడూ ఇవ్వకు. మళ్ళీ వస్తే తలుపు తియ్యకు."

వరహాలమ్మ మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచింది. వీధి తలుపు దగ్గరికి వెళ్ళి లోపలి నుంచి గడియ వేసింది, పై గడియ కూడా వేసింది, లాగి చూసింది. తిరిగొచ్చి కూతురికి ఇదివరకటి కంటే దగ్గరగా, భుజానికి భుజం ఆనించి కూర్చుని, గోంగూర కట్ట అందుకుంది.

"ఇంక లోపలికి రాలేదులే," అంది. "భయపడకు."